కమిటీ ఉన్నది సంతకాలకేనా? సహకార సంఘాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: నమస్కారం సార్. మాది ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. నాన్నగారి కాలం నుంచి సొసైటీలో మెంబర్లం. పక్క సొసైటీ వాళ్ళకి లోనూ ఎరువులూ టైముకి అందుతున్నాయి, మాకు మాత్రం ఎప్పుడడిగినా బ్యాంకు నుంచి డబ్బు రాలేదంటారు. రెండూ ఒకే సహకార సెంట్రల్ బ్యాంకు కింద ఉన్నాయి, నేలా ఒకటే వానా ఒకటే. అంతా కమిటీ వల్లే అంటున్నారు మావాళ్ళు, నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే బాబూ. సొసైటీ అంటే సెక్రటరీ అనుకుంటాం, కౌంటర్ దగ్గర కనపడేది ఆయనే కాబట్టి. ఆయన జీతానికి పనిచేసే మనిషి. నెలకోసారి కూర్చుని ఆయన్ని లెక్క అడగాల్సింది మీరు ఓటేసి పంపిన కమిటీ. ఆ అడగడం ఆగిపోయిన రోజు నుంచే సొసైటీ దెబ్బతినడం మొదలవుద్ది, కాకపోతే కొన్నేళ్ళ దాకా బయటకి తెలీదు.

మీరే ఒక పని చెయ్యండి. మెంబర్లు సొసైటీకి ఎంత బాకీ, సొసైటీ సెంట్రల్ బ్యాంకుకి ఎంత బాకీ, ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాయించండి. మాటవరసకి మెంబర్ల బాకీ 80 లక్షలు, సొసైటీ బ్యాంకుకి కట్టాల్సింది కోటి అనుకోండి, మరి ఆ 20 లక్షలు ఎటు పోయినట్టు? రైతు కట్టేశాడు, చేతిలో రసీదు కూడా ఉంది, డబ్బు మాత్రం బ్యాంకుకి చేరలేదు, జీతాలకి వాడేశారో, ఎరువుల వ్యాపారంలో నష్టానికి సర్దేశారో, ఎవరైనా తినేశారో. సహకార ఆఫీసుల్లో దీన్నే ఇంబాలెన్స్ అంటారు. ఇది పెరిగిపోతే బ్యాంకు కొత్త లోన్లకి చెయ్యి బిగిస్తుంది, అప్పుడు ఒక్క కిస్తీ తప్పని రైతుకి కూడా ఖరీఫ్ పెట్టుబడి అందదు. మీ దగ్గర జరుగుతున్నది ఇదే అయ్యుండొచ్చు. రెండు అంకెలూ కమిటీ ముందు ప్రతినెలా ఉంటే, తేడా యాభై వేలు ఉన్నప్పుడే దొరికిపోతుంది. సొసైటీల కంప్యూటరీకరణకి 2022లో కేంద్రం 2,516 కోట్ల పథకం మంజూరు చేసింది, మీ దగ్గర కంప్యూటర్ వచ్చుంటే ప్రింటు తియ్యడం ఎంతసేపు, అడిగేవాడు ఉండాలి గానీ.

మార్చి 31 కూడా గమనించండి. పాత లోను కట్టినట్టు రాసి అదే రోజో మర్నాడో కొత్త లోను ఇచ్చినట్టు తిరగరాస్తారు, కాగితం మీద వసూళ్ళు బ్రహ్మాండంగా కనపడతాయి. డైరెక్టర్ల సొంత లోన్లే అలా తిరగరాసుకుంటుంటే ఇంక ఎవరిని ఎవరు అడుగుతారు? అందుకే నేను డైరెక్టరు చదువుకున్నోడా, పలుకుబడి ఉన్నోడా అని చూడను, ముందు ఆయన కిస్తీ టైముకి కట్టాడా అని చూస్తాను.

అలాగని కమిటీ రోజూ సెక్రటరీ కుర్చీలో కూర్చోవడమూ తప్పే. ఫలానావాడికి లోను ఇవ్వు, ఫలానావాడి వడ్లలో తాలు ఉన్నా దించుకో అని ప్రెసిడెంటు చెప్తుంటే రేపు తప్పు ఎవరిదో తేలదు. గుజరాత్ ఖేడా పాల సంఘం 1946లో మొదలైంది. చైర్మన్ త్రిభువన్‌దాస్ పటేల్ రైతుల సంగతి చూసుకున్నారు, 1949లో ఆనంద్ వచ్చిన కురియన్‌కి డైరీ నడిపే పని వదిలేశారు, అమూల్ అలా ఎదిగింది. మన తెలుగువాళ్ళలో అయితే ముల్కనూరు సొసైటీ, 1956లో విశ్వనాథరెడ్డిగారు పెట్టింది, ఇప్పటికీ నడుస్తోంది.

ధాన్యం మండీలో కట్నీ ఛట్నీ పేరుతో బస్తాకి ఇన్ని కిలోలని కోసేస్తున్నప్పుడు కమిటీ మెంబరు ఒకరు కాంటా దగ్గర నిలబడ్డారా లేదా, అది కూడా అడగండి. మీ వైపు నోటీసులూ ఆడిట్ రిపోర్టూ ఒడియాలో ఉంటాయి, మన పెద్దవాళ్ళు చాలామంది చదవలేరు, జనరల్ బాడీలో తెలుగులో చదివి వినిపించమనండి. ఆడిట్‌లో మీకు ఎ గ్రేడు వచ్చిందో డి గ్రేడు వచ్చిందో అందరికీ వినపడాలి.

ప్రశ్న: సార్, మాది ఒడిశాలోనే గుణుపూర్ పక్కన. లేడీస్ సీట్లో నన్ను కమిటీకి ఎన్నుకున్నారు. మీటింగులకి మా ఆయనే వెళ్తారు, పుస్తకం ఇంటికి పంపితే నేను సంతకం పెడతాను. ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే అమ్మా, పెద్ద ఇబ్బంది. రేపు సొసైటీకి నష్టం వచ్చి సర్‌చార్జి వేస్తే, అంటే ఆ నష్టం మీరే కట్టాలంటే, నోటీసు మీ పేరు మీదే వస్తుంది, మీ ఆయన పేరు మీద రాదు. కమిటీలో ఆడవాళ్ళకి రెండు సీట్లని 97వ రాజ్యాంగ సవరణలో పెట్టారు, 2012లో అమల్లోకి వచ్చింది. 2021లో సుప్రీంకోర్టు దాన్ని ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే సొసైటీలకే పరిమితం చేసింది, కాబట్టి మీకు ఒడిశా 1962 సహకార చట్టమూ మీ బైలా, అంటే సొసైటీ సొంత నియమాలూ ఆధారం. ఈసారి నుంచి మీరే వెళ్ళండి, మొదటి రెండు మీటింగులు ఊరికే విన్నా సరే. మినిట్స్ చదివించుకోకుండా సంతకం వద్దు, తీర్మానం నచ్చకపోతే నాకు సమ్మతం కాదు అని అందులోనే రాయించండి. ఆ ఒక్క లైనే తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది.

ప్రశ్న: మహారాష్ట్ర ధర్మాబాద్ నుంచి రాస్తున్నా. ఇక్కడ ఒక పత్ సంస్థలో, అంటే సహకార పొదుపు అప్పుల సొసైటీలో, బ్యాంకు కంటే ఎక్కువ వడ్డీ ఇస్తామంటున్నారు, రిటైర్‌మెంట్ డబ్బు వెయ్యొచ్చా?

జవాబు: మొత్తం వెయ్యొద్దు అన్నగారూ. సహకార బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది, పత్ సంస్థకి అది లేదు. వేద్దామనుకున్నది కూడా, డైరెక్టర్లలో ఎవరెవరికి ఎంత లోను ఉందో, ఆడిట్‌లో ఏ గ్రేడు వచ్చిందో చూశాకే వెయ్యండి. కాగితం చూపించడానికి నసిగితే డబ్బు తీసుకుని ఇంటికి వచ్చెయ్యండి.