మూడు కార్లూ అదే కంపెనీవి అయితే కేసు బలపడుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో ఒకే కంపెనీ కార్లు వాడుతున్నాం. మొదటి కారు పదిహేనేళ్లు నడిచినా ఏనాడూ దారిలో ఆగలేదు. రెండోదీ అంతే. మా మాట విని బంధువుల్లో నలుగురు ఆ కంపెనీ కార్లే కొన్నారు. ఆ నమ్మకంతోనే 2024 మార్చిలో విజయవాడ షోరూంలో 14 లక్షల 60 వేల రూపాయలకు ఆటోమేటిక్ కారు తీసుకున్నాను. జూన్ మొదటివారం నుంచి తక్కువ వేగంలో గేర్లు మారేటప్పుడు కుదుపు మొదలైంది. ‘కొత్త బండి, నాలుగు వేల కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుంది’ అన్నారు. 2025 జనవరిలో క్లచ్ సెట్టు మార్చారు. ఆగస్టులో మా అమ్మాయిని పరీక్షకు విజయవాడ తీసుకెళ్తుంటే కాజ టోల్‌గేటు దగ్గర బండి నిలిచిపోయింది. వెనక లారీల హారన్లు, పక్కన ఏడుస్తున్న పిల్ల. ఆ అవమానం మరిచిపోలేను. నవంబరులో మళ్లీ ఏదో విడిభాగం మార్చి, ఇక సమస్య లేదన్నారు. ఉంది. సర్వీస్ అడ్వైజర్ పాత పరిచయస్థుడు కావడంతో కాగితాల పట్టింపు పెట్టుకోలేదు. నెట్‌లో ఇదే మోడల్ కొన్నవాళ్ల ఫిర్యాదులు చాలా సేకరించాను. ఇప్పుడు షోరూంవారు పాత కారు ఇచ్చేసి కొత్త మోడల్ తీసుకుంటే 70 వేలు లాయల్టీ బోనస్ ఇస్తామంటున్నారు. మా బావమరిది మాత్రం ఆటోనగర్‌లో తనకు తెలిసిన మెకానిక్ గేర్‌బాక్సు విప్పి లోపం ఏమిటో రాసి ఇస్తాడంటున్నాడు. కంపెనీ మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? ఇన్నేళ్ల మా విశ్వాసానికి విలువ లేదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. లేదు. మీ నాన్నగారి కారు పదిహేనేళ్లు నడవడం, బంధువులు నలుగురు మీ మాట మీద కొనడం, టోల్‌గేటు దగ్గర పిల్ల ఏడవడం... వీటిలో ఏదీ ఈ కారు గేర్‌బాక్సులో లోపం ఉందని చెప్పదు. పైగా కంపెనీ న్యాయవాది మీ మొదటి రెండు కార్ల కథను తన వాదనకే వాడుకుంటాడు: ‘మా బండ్లు ఎంత మన్నికైనవో ఫిర్యాదుదారే చెబుతున్నారు, ఈ బండిలో ఇబ్బంది ఉంటే అది నడిపిన తీరు వల్లే.’ కాబట్టి ఫిర్యాదు రాసేటప్పుడు ఆ రెండు కార్ల జోలికి వెళ్లకండి.

మీ కేసు మొత్తం ఒక్క అంశం మీద నిలబడుతుంది. కొన్న నాటి నుంచీ ఈ బండి గేర్‌బాక్సులో తయారీ లోపం ఉందని, అది వారంటీలో, కాలపరిమితిలో, కాగితం మీద నమోదైందని చూపించగలరా? చూపగలిగితే మంచి కేసు. లేకపోతే ఉన్నది కోపం మాత్రమే.

అందుకే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది టోల్‌గేటు కాదు, ‘కాగితాల పట్టింపు పెట్టుకోలేదు’ అన్న మాట. చదువుకున్నవారు, పద్నాలుగు లక్షలు పోసి వస్తువు కొన్నవారు, అడ్వైజర్ పరిచయస్థుడని జాబ్‌కార్డు (మీరు చెప్పిన సమస్యను వర్క్‌షాపు రాసిచ్చే కాగితం) లేకుండా బండి తాళాలు ఇచ్చి వస్తారా? ఆ పరిచయస్థుడు రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ తరఫున సాక్ష్యం చెప్పడు. అతని జీతం షోరూం ఇస్తుంది. 2024 జూన్‌లో మీరు నోటితో చెప్పిన కుదుపు రికార్డులో లేకపోతే, మీ బండి మొదటి పది నెలలూ నిక్షేపంగా నడిచిందనే కంపెనీ వాదిస్తుంది. నవంబరులో బండి తీసుకునేటప్పుడు ‘సంతృప్తి చెందాను’ అన్న గడి కింద మీరు సంతకం చేసే ఉంటారు. అందరూ చేస్తారు, ఎవరూ చదవరు. ఇకపై సంతకం పక్కనే ‘సమస్య ఇంకా ఉంది’ అని మీ చేతిరాతతో రాసి, తేదీ వేసి, ఫోటో తీసుకున్నాకే కాగితం వెనక్కి ఇవ్వండి.

పోయినదాన్ని కొంతవరకు రాబట్టవచ్చు. బండి సర్వీసు చరిత్ర మొత్తం షోరూం కంప్యూటర్‌లో కిలోమీటర్ల లెక్కతో సహా ఉంటుంది. ఛాసిస్ నంబరు వేసి, 2024 మార్చి నుంచి నేటి వరకు ఉన్న ప్రతి జాబ్‌కార్డు, ప్రతి వారంటీ క్లెయిము నకలు ఇవ్వమని షోరూంకు, తయారీ కంపెనీకి విడివిడిగా మెయిల్ పంపండి. అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో కూడా వెళ్లాలి. ఇవ్వకపోతే ఆ రికార్డు తెప్పించమని కమిషన్‌నే కోరవచ్చు, ఇవ్వని విషయం కూడా మీకు ఉపయోగపడుతుంది. జనవరిలో క్లచ్ సెట్టు, నవంబరులో విడిభాగం మార్చామన్నారు కదా, అవి వారంటీలో ఉచితంగా మార్చినవైతే కంపెనీ ఆమోదం లేకుండా జరగవు. వాళ్ల రికార్డే మీకు సాక్షి.

ఆగస్టు సంఘటనకు మీరు అనుకుంటున్న దానికన్నా ఎక్కువ ఆధారాలు ఉన్నాయి. టోల్ దాటి ఉంటే ఆ రోజు, ఆ సమయం ఫాస్టాగ్ ఖాతాలో కనిపిస్తాయి. సహాయం కోసం చేసిన ఫోన్ల వివరాలు, రోడ్డు సహాయ విభాగం పంపిన సందేశం, టోయింగ్ రశీదు దొరుకుతాయి. ఫోనులో ఉన్న వీడియోలు, మెసేజీలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయండి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్య చట్టం పట్టింపు సివిల్ కోర్టులో ఉన్నంత ఉండదు, అయినా ప్రతివాదికి అభ్యంతరం చెప్పే అవకాశం ఎందుకివ్వాలి? ఆ ఫోను మాత్రం అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి.

నెట్‌లో సేకరించిన ఇతరుల ఫిర్యాదులతో ఫైలు లావెక్కుతుంది, కేసు లావెక్కదు. వాళ్ల బండ్ల లోపం మీ బండి లోపానికి రుజువు కాదు. అదే గేర్‌బాక్సు విషయంలో కంపెనీ స్వయంగా రీకాల్ (లోపమున్న బండ్లను వెనక్కి పిలవడం) ప్రకటించి ఉంటే మాత్రం అది విలువైన కాగితం. మీ ఛాసిస్ నంబరు ఆ జాబితాలో ఉందో లేదో కంపెనీ వెబ్‌సైటులో చూడండి.

ఇక కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. ప్రతి రిపేరూ విఫలమైనప్పుడల్లా కొత్త కారణం పుడుతుందని, వారంటీ ఉన్నంతకాలం గడువు ఉన్నట్టేనని వాదించవచ్చు, కొన్ని కేసుల్లో నిలిచింది కూడా. కానీ వాదించి నెగ్గాల్సిన గడువును నమ్ముకుని కూర్చోవడం తెలివి కాదు. మీకు కుదుపు మొదట తెలిసింది 2024 జూన్‌లో. అంటే 2026 మే నెలాఖరే మీ ఆఖరి రోజు అనుకుని పని నడపండి.

లీగల్ నోటీసు ఇచ్చాను, వాళ్లు జవాబిచ్చారు, కాబట్టి అక్కడి నుంచి లెక్క అని చాలామంది భ్రమపడతారు. పొగాకు వ్యాపారం ఉన్న జిల్లావారు కనుక ఈ కేసు మీకు గుర్తుండిపోతుంది: 1988 మార్చిలో ఒక పొగాకు గోదాము తగలబడింది. యజమానులు చాలాకాలం గడిచాక ఇన్సూరెన్సు కంపెనీతో ఉత్తరాలు నడిపి, 1996లో వచ్చిన జవాబును పట్టుకుని 1997లో ఫిర్యాదు వేశారు. గడువు మంట లేచిన రోజు నుంచే మొదలైందని, జవాబు రావడం వల్ల చచ్చిన గడువుకు ప్రాణం రాదని 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రతివాది అడగకపోయినా గడువును కమిషనే చూసుకోవాలని అదే ఏడాది మరో తీర్పులోనూ చెప్పింది. ఆలస్యాన్ని మన్నించమని కోరే వీలు చట్టంలో ఉంది, కానీ ‘బాగుచేస్తామన్నారు, నమ్మాను’ అన్నది బలమైన కారణం కాదు.

మీ బావమరిది సలహా దగ్గరికి వద్దాం. ఎట్టి పరిస్థితిలోనూ ఆ బండిని ఆటోనగర్‌లో విప్పించకండి. అక్కడి పనివాళ్ల నైపుణ్యం మీద నాకు ఏ అనుమానమూ లేదు. దేశంలో ఎక్కడా దొరకని రిపేరు అక్కడ దొరుకుతుందని విజయవాడ వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. కానీ సీలు ఊడిన మరుక్షణం మీ కేసుకు ఉన్న ఏకైక అసలు సాక్ష్యం, అంటే ఆ గేర్‌బాక్సు, చెడిపోతుంది. లోపం తయారీలో ఉందా, విప్పినవాడి చేతిలో వచ్చిందా అన్నది ఇక ఎవరూ తేల్చలేరు. బయట విప్పించారన్న మాటతో వారంటీ కూడా నిరాకరిస్తారు. ఆ మెకానిక్ రాసిచ్చే తెల్లకాగితానికి కమిషన్‌లో దక్కే గౌరవం అంతంతమాత్రం. మీరు డబ్బిచ్చి, కంపెనీకి తెలియకుండా చేయించిన పరీక్ష అది.

దీనికి చట్టమే దారి ఇచ్చింది. పరీక్ష లేకుండా తేలని లోపమైతే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద వస్తువును తగిన ప్రయోగశాలకు పంపే అధికారం జిల్లా కమిషన్‌కు ఉంది. కార్ల కేసుల్లో ఇంజనీరింగ్ కళాశాల మెకానికల్ విభాగం వంటి స్వతంత్ర నిపుణుడిని నియమించమని కోరతాం. ఫిర్యాదుతో పాటే ఆ దరఖాస్తు వేయండి, తర్వాత చూద్దామనుకోకండి. పరీక్ష రుసుము మొదట మీరే కట్టాలి. నిపుణుడు వచ్చే రోజున కంపెనీ మనిషి కూడా ఉండేలా నోటీసు వెళ్లాలి. 2010లో ఫియట్ కారు కేసులో సుప్రీంకోర్టు స్వతంత్ర సాంకేతిక నిపుణుడి పరీక్షకే ప్రాధాన్యం ఇచ్చింది. అందులో తయారీ లోపం తేలితేనే బండి ధర వెనక్కి వచ్చే మార్గం.

ఆశ కూడా హద్దులో పెట్టుకోండి. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో, వారంటీ కింద కంపెనీ బాధ్యత చెడిన భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకేనని, క్లచ్ చెడితే కారే మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు అంది. మీకూ క్లచ్ కథే కాబట్టి ఎదుటివాళ్లు మొదట తెచ్చే తీర్పు అదే. రెండుసార్లు భాగాలు మార్చినా లోపం తిరిగి రావడమే దానికి మీ జవాబు. అందుకే ప్రార్థన, అంటే ఫిర్యాదులో మీరు కోరేది, రెండు అంచెల్లో ఉండాలి: మొదట కారు మార్పు లేదా ధర వాపసు, అది కుదరని పక్షంలో గేర్‌బాక్సు మొత్తం కొత్తది, దానికి పొడిగించిన వారంటీ, పరిహారం, ఖర్చులు. మొదటిదే అడిగి చేతులు ముడుచుకున్నవారు రెండోదీ పోగొట్టుకోవడం చూస్తూనే ఉంటాం.

షోరూంతో పాటు తయారీ కంపెనీని తప్పక ప్రతివాదిగా చేర్చండి. చేరిస్తే చాలదు, కంపెనీ చేసిన తప్పు ఏమిటో విడిగా రాయాలి. 2021లో గోవా నుంచి వచ్చిన ఒక కేసులో డీలరు పాత బండిని కొత్తదని అమ్మినా, తయారీదారు పాత్రను చూపలేదని సుప్రీంకోర్టు అతన్ని బాధ్యత నుంచి తప్పించింది. కారు మీ వ్యాపార సంస్థ పేరున ఉంటే ‘వాణిజ్య ప్రయోజనం’ అన్న అభ్యంతరం వస్తుంది. 2024 జులైలో సుప్రీంకోర్టు, కంపెనీ పేరున కొని డైరెక్టరు వాడుకున్న కారు విషయంలో ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది, భయపడనక్కర్లేదు.

చీటింగ్ కేసు ఆలోచన వదిలేయండి. అమ్మిన రోజునే మోసపు ఉద్దేశం ఉందని చూపాలి, అది మీవల్ల కాదు. పోలీసులు సివిల్ తగాదా అని పంపించేస్తారు, ఈలోగా మీ గడువు దాటిపోతుంది. కోపంలో కారు లోను వాయిదాలు ఆపకండి. బండి లోపానికి బ్యాంకు బాధ్యురాలు కాదు, చెడేది మీ క్రెడిట్ స్కోరే.

లాయల్టీ బోనస్ సంగతి. పోరాడే ఓపిక లేకపోతే తీసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ అది పరిహారం కాదని తెలిసి తీసుకోండి. పాత కారుకు వాళ్లు కట్టే ధర బయట మార్కెట్ కన్నా ఎంత తక్కువో చూడండి, ఆ 70 వేలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థమవుతుంది. ఎక్స్‌చేంజ్ కాగితాల మధ్య ‘ఇక ఎలాంటి ఫిర్యాదూ లేదు’ అన్న పత్రం ఒకటి ఉంటుంది. దాని మీద సంతకం పడి, బండి చేయి మారితే కేసు ముగిసినట్టే. కేసు నడుస్తుండగా బండి అమ్మేసినవారు వినియోగదారులుగా మిగలరని జాతీయ కమిషన్ ఒకటికి మించి తీర్పుల్లో చెప్పింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకండి.

కొనుగోలు విజయవాడలో జరిగినా మీరు గుంటూరులో నివసిస్తున్నారు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఇది 2019 చట్టం ఇచ్చిన సౌకర్యం. చెల్లించిన ధర 50 లక్షలు మించలేదు కనుక జిల్లా కమిషన్ చాలు, పది నుంచి ఇరవై లక్షల మధ్య ధరకు రుసుము 400 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే కొన్నిసార్లు కంపెనీ తనంతట తానే దిగివస్తుంది, కానీ ఆ నమోదు వల్ల కాలపరిమితి ఆగదు.

ఫిర్యాదుకు ముందు షోరూంకు, కంపెనీకి పంపే లీగల్ నోటీసుకు పదిహేను రోజుల గడువు పెట్టండి, అంతకు మించి వద్దు. ఈలోగా బండిని మరోసారి అధీకృత వర్క్‌షాపుకే తీసుకెళ్లి, ‘గేర్లు మారేటప్పుడు కుదుపు’ అన్న మీ మాటలే జాబ్‌కార్డులో రాయించండి. ‘సాధారణ తనిఖీ’ అని రాస్తే సంతకం పెట్టకుండా కొట్టివేయించి మళ్లీ రాయించండి. ఆ అడ్వైజర్ నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.