నాలుగు చక్రాలు, నలుగురు వారసులు

ప్రశ్న: మా తాతగారు 1967లో కొన్న ఫియట్ 1100 కారు ఇరవై ఏళ్లుగా తార్నాకలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పడి ఉంది. నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు 72 ఏళ్లు. అమ్మ పోయాక ఆయన్ని ఏదో ఒక పనిలో పెట్టాలని నేనే ఈ కారు సంగతి ఎత్తాను. ఏడాదిగా ప్రతి ఆదివారం ఇద్దరం దాని మీదే ఉన్నాం. నా జీతంలోంచి మూడు లక్షల దాకా ఖర్చయింది. ఆర్సీ ఇంకా తాతగారి పేరునే ఉంది. ఆయన 1999లో, నాయనమ్మ 2008లో పోయారు. అసలు ఆర్సీ పుస్తకం కనబడటం లేదు, జిరాక్సు ఉంది. రెన్యువల్ గడువు 2004లోనే ముగిసింది. ఇప్పుడు బాబాయి వచ్చి కారులో తనకు సగం వాటా ఉందంటున్నారు. మేనత్తలకు అప్పటికే పెళ్లిళ్లయిపోయాయి, వాళ్లేమీ అడగలేదు. చిన్నత్త మూడేళ్ల కిందట పోయింది. మెకానిక్ పాత ఇంజిన్ తీసేసి మారుతి ఇంజిన్ పెట్టిద్దామంటున్నాడు. బాడీ రేకు పని చేసే డెంటరు 60 వేలు అడ్వాన్సు తీసుకుని ఎనిమిది నెలలుగా తిప్పుతున్నాడు. స్టీరింగ్ పక్కన ఉండే గేరు నాకు చేతకాదు. తమ్ముడు అమెరికాలో ఉన్నాడు, కారంటే వాడికి ఆసక్తి లేదు. ఆదివారం పొద్దున నాన్నగారు ఈ కారును ట్యాంక్‌బండ్ దాకా నడపాలని నా కోరిక. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ బాబాయిగారి లెక్క తప్పు. మీ లెక్క కూడా తప్పే. కారు తాతగారి సొంత సంపాదనతో కొన్నదే అయి, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం ఆయన ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. అంటే 1999లో ఐదు వాటాలు. 2008లో నాయనమ్మ పోయాక ఆమె వాటా కూడా పిల్లల మధ్యే పంచబడి నాలుగు సమాన వాటాలయ్యాయి. మేనత్తలకు పెళ్లయిందా, కట్నం ఇచ్చారా, వాళ్లు అడిగారా అన్నది చట్టానికి పట్టదు. చిన్నత్త వాటా ఇప్పుడు ఆమె పిల్లలది, భర్తది. నాలుగు చక్రాలకు నలుగురు వారసులు అనుకుంటే మీ నాన్నగారిది ఒక చక్రం. బాబాయిగారిదీ ఒక్కటే. మీది ఒక్కటీ లేదు, ఎందుకంటే తండ్రి బతికి ఉండగా తాత ఆస్తికి మనవరాలు వారసురాలు కాదు.

ఇది చదివి మీకు కష్టం కలగవచ్చు. మూడు లక్షలు పెట్టింది మీరు, తుప్పు గీకింది మీరు. అయినా ఇతరులకు కూడా వాటా ఉన్న వస్తువు మీద మనంతట మనం ఖర్చు పెడితే, ఆ ఖర్చు దానంతటదే వాటాగా మారదు. రసీదులు దాచుకోండి. రేపు పంపకం దాకా వస్తే లెక్కలో చూపించి అడగవచ్చు, కానీ ఇంటి మనుషుల మధ్య ఇలాంటి డిమాండ్లు కోర్టులో గట్టిగా నిలబడటం నేను తక్కువగా చూశాను. ఇరవై ఏళ్లు పట్టించుకోలేదు కాబట్టి బాబాయి హక్కు పోయిందన్న వాదన కూడా పెట్టుకోకండి. ఉమ్మడి వస్తువు ఒకరి షెడ్డులో ఉంటే అందరి తరఫున ఉన్నట్టే లెక్క. మీకు హక్కు లేదు పొమ్మని ఎవరో ఒకరు బాహాటంగా కాదన్న రోజు నుంచే కథ మారుతుంది.

దారి సులువుగానే ఉంది. తాతగారి మరణ ధ్రువపత్రం తీసి, మీ సేవ ద్వారా తహసీల్దారు దగ్గర కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. నాయనమ్మ, చిన్నత్త మరణ ధ్రువపత్రాలు కూడా కావాలి. ఆ తరవాత బాబాయి, పెద్దత్త, చిన్నత్త భర్త, ఆమె పిల్లలు అందరూ కారును మీ నాన్నగారి పేరుకు మార్చడానికి మాకు అభ్యంతరం లేదని, తమ వాటాలు ఆయనకు వదులుకుంటున్నామని స్టాంపు కాగితం మీద రాసి నోటరీ ముందు సంతకం చేయాలి. కారు చరాస్తి కాబట్టి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గడప తొక్కనక్కరలేదు. యజమాని పోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 56వది చెబుతుంది. మీరు పాతికేళ్లు ఆలస్యం. దానికి రుసుము పడుతుందే తప్ప హక్కు పోదు.

బాబాయి డబ్బు అడిగితే? ఇవ్వండి. కానీ ఎంత అన్నది కారు ఇవాళ ఉన్న స్థితిని బట్టి తేల్చుకోండి. ఇంజిన్ ఊడదీసి, సీట్లు లేని డొక్కుగా ఉన్నప్పటి ధరలో నాలుగో వంతు ఒక మాట, తళతళలాడే రంగు వేశాక నాలుగో వంతు ఇంకో మాట. అందుకే రంగు వేయించే ముందే సంతకాలు పూర్తి చేయించమంటాను. నా దగ్గరకు వచ్చే పాత కార్ల తగాదాల్లో చాలా వరకు డెంటింగు షెడ్డు నుంచి కారు బయటికొచ్చిన నెల లోపే మొదలయ్యాయి. ముందెవరికీ పట్టని ఇనుము అప్పటికప్పుడు తాతగారి జ్ఞాపకమైపోతుంది.

ఇక మారుతి ఇంజిన్. వద్దు. మెకానిక్‌కు అది తేలిక పని. ఫియట్ పిస్టన్ల కోసం రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాలు తిరగనక్కరలేదు కదా. చట్టం చూస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా ఇలా విడిభాగాలు మార్చిన యజమానికి 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. జైలుకు పంపుతారని భయపెట్టడం లేదు. ఇంజిన్ నంబరు ఆర్సీతో కలవకపోతే తనిఖీ అధికారి కారును పక్కన నిలబెడతాడు, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు ఆ నంబరే చూస్తుంది. లాలాగూడలో ఇంజిన్ల మధ్య బతికిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. 1089 సీసీ ఇంజిన్‌కు బోరింగ్ చేయించి, పిస్టన్లు వేసి ఆయన చేతే బతికించుకోండి. అలా అదే ఇంజిన్‌ను బాగు చేయడం మార్పు కిందికి రాదు. రంగు మారిస్తే మాత్రం ఆర్సీలో ఆ మార్పు నమోదు చేయించాలి.

ఇంకొక మాట, దీన్ని మీ డెంటర్‌కు మీరే స్వయంగా చెప్పండి. తుప్పు గీకేటప్పుడు, రేకు అతికేటప్పుడు ఛాసిస్ నంబరు చెక్కిన చోటును గ్రైండర్‌తో ముట్టుకోకూడదు. ఆర్టీఏలో ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీస్తారు. అంకెలు చెరిగిపోతే దొంగ బండి కాదని నిరూపించే భారం మీ మీద పడుతుంది. ఇప్పుడే ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాడకపు కార్లు, ద్విచక్ర వాహనాలు వీటి కిందికి వస్తాయి. మీ కారుకు 2017లోనే యాభై ఏళ్లు నిండాయి. కొత్తగా వింటేజ్ నంబరు తీసుకుంటే రుసుము 20 వేలు, చెల్లుబాటు పదేళ్లు, ప్లేటు మీద రాష్ట్ర అక్షరాల పక్కన వీఏ అని వస్తుంది. ఇదివరకే రిజిస్టరైన బండి అయితే పాత నంబరునే ఉంచుకోవచ్చు. ఇంతవరకు విని చాలామంది సంబరపడతారు. కింద వరుస చదవరు. వింటేజ్‌గా నమోదైన వాహనాన్ని ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఆదివారం ట్యాంక్‌బండ్ మీద గాలి పీల్చుకోవడం ఆ జాబితాలో లేదు.

అందుకని మీ కోరికకు మామూలు రెన్యువలే సరిపోతుంది. తనిఖీ చేయించి, పన్ను బకాయిలు, గ్రీన్ ట్యాక్సు, ఆలస్య రుసుము కట్టి, ఐదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోవచ్చు. ఢిల్లీలోలాగా పాత పెట్రోలు కారును రోడ్డెక్కనివ్వరని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ ఆంక్షలు రాజధాని ప్రాంతానివి, హైదరాబాద్‌కు వర్తించవు. అసలు ఆర్సీ పోయిందని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ రసీదుతో ఫారం 26లో నకలు అడగండి. 1967 నాటి నమోదు కంప్యూటర్‌లో కనిపించకపోవచ్చు, కౌంటరులో లేదనేస్తారు. మీ దగ్గరున్న జిరాక్సు చూపించి, పాత రిజిస్టరు వెతకమని రాతపూర్వకంగా కోరండి. రాసిచ్చిన దరఖాస్తుకు జవాబు చెప్పాల్సి వస్తుంది, నోటితో అడిగినదానికి రాదు. ముందు ఈ నమోదు దొరికిందో లేదో తేల్చుకున్నాకే మిగతా ఖర్చు పెట్టండి.

ఇదంతా అయ్యేదాకా కారును సొంతంగా రోడ్డు మీదకు తీయకండి, వీధి చివరిదాకా అయినా సరే. చెల్లే ఆర్సీ, థర్డ్ పార్టీ బీమా లేని కారు ఎవరికైనా తగిలితే పరిహారం మొత్తం మీ జేబులోంచే వెళ్తుంది. మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాలంటే టోయింగ్ బండి మీద ఎక్కించండి. నాన్నగారి లైసెన్సు గడువు కూడా చూడండి. ఆ వయసులో ఐదేళ్లకోసారి, డాక్టరు ధ్రువపత్రంతో రెన్యువల్ చేయించాలి. స్టీరింగ్ పక్కన ఉండే గేరు మీకు చేతకాదని రాశారు కాబట్టి ఇది ముఖ్యం.

డెంటరు 60 వేలు అడ్వాన్సు తీసుకుని ఎనిమిది నెలలుగా తిప్పుతున్నాడని కూడా రాశారు. లీగల్ నోటీసు పంపండి. కదలకపోతే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి, ఐదు లక్షల లోపు విలువైన ఫిర్యాదుకు ఫీజు లేదు.

చివరగా మీరు అడగనిది. మీ తమ్ముడు అమెరికాలో ఉన్నాడని, కారంటే వాడికి ఆసక్తి లేదని ఒక వాక్యం రాశారు. మీ బాబాయికీ 1999లో ఆసక్తి లేదు. కారు నాన్నగారి పేరుకు మారాక ఆర్సీలో మీ పేరు నామినీగా రాయించవచ్చు, 2021 నుంచి ఆ వీలుంది. దాంతో ఆర్టీఏ పని తేలికవుతుంది గానీ తమ్ముడి వాటా మాట తేలదు. నాన్నగారికి ఇష్టమైతే, మీరు చేసిన ఖర్చు ప్రస్తావిస్తూ ఇద్దరు సాక్షుల సంతకాలతో ఒక వీలునామా రాయమనండి. స్టాంపు కాగితం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీరు సాక్షిగా సంతకం పెట్టకండి. సాక్షికి రాసిచ్చినది చెల్లదని అంటారు, హిందువుల విషయంలో అది నిజం కాకపోయినా అనవసరపు అనుమానానికి తావివ్వడం ఎందుకు? అందులో ‘నా పాత కారు’ అని వదిలేయకుండా రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ రాయించండి.