పార్వో టీకా: ఒక్క డోసు సరిపోతుందా?

ప్రశ్న: మేం తెచ్చుకున్న లాబ్రడార్ పిల్లకు ఇప్పుడు 55 రోజులు. 45వ రోజున పార్వో టీకా వేయించామని అమ్మినవాళ్లు కార్డు ఇచ్చారు. అయితే పక్క వీధిలో ఒక కుక్కపిల్ల టీకా వేయించినా పార్వోతోనే చనిపోయింది. మా దానికి ఒక్క డోసు చాలా? బయట తిప్పవచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలదండీ. పార్వో అంటే కుక్కలకు వచ్చే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు. పుట్టగానే తాగే ముర్రుపాలతో తల్లి యాంటీబాడీలు పిల్లకు అందుతాయి. కొన్ని వారాలు దాన్ని కాపాడేవి అవే. చిక్కేమిటంటే, టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను కూడా అవి అణిచేస్తాయి. దాంతో సూది పడినా పిల్లకు సొంత రక్షణ రాదు. పైగా అవి తగ్గే క్రమంలో, వీధిలోని అసలు వైరస్‌ను ఆపలేనంత తక్కువగా, టీకాను మాత్రం పనిచేయనివ్వనంత ఎక్కువగా ఉండే రోజులు కొన్ని ఉంటాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు కూడా ఆ రోజులు ఒకేసారి రావు. పక్క వీధి పిల్ల ఆ రోజుల్లోనే వైరస్ బారిన పడి ఉండొచ్చు. లేదా సూది వేసేనాటికే వైరస్ సోకి ఉండొచ్చు. సోకిన 3 నుంచి 7 రోజులకుగానీ లక్షణాలు బయటపడవు.

అందుకే 3-4 వారాలకో డోసు చొప్పున వేయిస్తూ, చివరిది 16 వారాలు నిండాక పడేలా చూసుకోండి. చాలామంది రెండో డోసుతో ఆపేస్తారు. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఆ ఆఖరి డోసే. తర్వాత ఏడాదిలోపు ఒక బూస్టర్ ఉంటుంది. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా కూడా వేయించాలి. కార్డు మీద టీకా సీసా స్టిక్కర్, బ్యాచ్ నంబరు, డాక్టర్ సంతకం ఉన్నాయా? లేకపోతే ఆ డోసు పడనట్టే లెక్కేయండి. 2-8 డిగ్రీల చల్లదనంలో ఉంచని టీకా వేసినా ఉపయోగం లేదు.

బయటికి ఎత్తుకుని తీసుకెళ్లండి, వీధిలో నేల మీద దించకండి. పశువైద్యశాలలోనూ అంతే. టీకాలన్నీ పూర్తయిన కుక్కలున్న ఇళ్లకు తీసుకెళ్లవచ్చు. అసలు మనుషుల్నీ తోటి కుక్కల్నీ చూడకుండా పెరిగితే పిరికిదవుతుంది. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులతో ఇంట్లోకి వచ్చేస్తుంది. ఫినాయిల్‌ను నమ్ముకోకండి. ముందు నేల కడిగి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు వదిలేయండి.

తిండి మానేసి నీరసంగా పడుకున్నా, వాంతులైనా, దుర్వాసనతో నెత్తుటి విరేచనాలైనా తెల్లారేదాకా ఆగొద్దు. ఈ వైరస్‌ను నేరుగా చంపే మామూలు మందులేవీ లేవు. సెలైన్, వాంతులు తగ్గే ఇంజెక్షన్లతో నిలబెట్టాలి. సమయానికి వైద్యం అందితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. ఇంట్లో ఉన్న విరేచనాల మాత్రలు మాత్రం వేయకండి. ఇది మనుషులకు సోకదు కాబట్టి చిన్నారులున్న ఇల్లని భయపడనక్కర్లేదు.