ఎనిమిది నెలలు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండాలంటే ఎంత దాచాలి?

గుంటూరులో ప్రైవేట్ జాబ్, నెలకి ముప్పై వేలు ఖర్చు, ఎనిమిది నెలలకి 2.4 లక్షలు దాస్తే చాలా, చీటీ వెయ్యొచ్చా అని అడిగారు కదండీ. చాలవు. నేను విజయవాడ పటమటలో ఉంటా, ఓ కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని, ఏడాది దాకా ఖాళీగా ఉండి మళ్ళీ చేరాను కాబట్టి చెప్తున్నా.

నెలనెలా అయ్యే ఖర్చు అందరికీ తెలుసు, తెలీకుండా పోయేది ఏడాదికోసారి వచ్చేవాటికే. మానేసేముందు బ్యాంక్ స్టేట్‌మెంటూ ఫోన్‌పే హిస్టరీ తీసి ఏడాదిది మొత్తం పాత డైరీలో రాసుకున్నా, మాఘమాసం పెళ్ళిళ్ళ పేజీ చూసేసరికి కళ్ళు తిరిగాయి, చదివింపులు, బ్లౌజ్‌కి మగ్గం వర్కు, తెనాలి వెళ్ళిరావడానికి కారు, మళ్ళీ వాళ్ళింట్లోనే బారసాల. జీతం లేదు కదా అని ఎవరూ మన వెయ్యి నూట పదహార్లు వద్దనరు, వెళ్ళకపోతే మాత్రం "ఉద్యోగం పోయిందంటగా" అని మొదలెడతారు. జూన్‌లో స్కూల్ ఫీజులు, ఎండాకాలం ఏసీకి కరెంటు బిల్లు, బండి ఇన్సూరెన్స్, సంక్రాంతి, అన్నీ కూడి పన్నెండుతో భాగించి మీ ముప్పైకి కలపండి, ఈజీగా నలభై తేలుద్ది. దాన్ని పదకొండు నెలలకి లెక్కెయ్యండి, ఎందుకంటే మళ్ళీ జాబ్ వెతుక్కుని మొదటి జీతం చేతికొచ్చేసరికి ఓ మూడు నెలలు పోతాయనే అనుకోవాలి. అంటే 4.4 లక్షలు.

చీటీ వేస్తే రిజిస్టర్డ్ కంపెనీలోనే వెయ్యండి, వీధిలో తెలిసినవాళ్ళు నడిపేవి వద్దు, వాళ్ళు మంచోళ్ళే కావచ్చు కానీ రేపు ఏదన్నా అయితే మన చేతిలో కాగితం ఉండదు. అసలు సంగతేంటంటే మీరు మానేసేలోపే చీటీ చివరి వాయిదా అయిపోవాలి. మధ్యలో పాట (వేలం) పాడి చీటీ ఎత్తి ఆ డబ్బుతో మానేద్దాం అనుకుంటే పాటలో కొంత పోద్ది, కంపెనీ కమిషన్ (చట్టం ప్రకారం 7 శాతం దాకా తీసుకోవచ్చు) ఎలాగూ ఉంటుంది, ష్యూరిటీకి జీతం స్లిప్ ఉన్నవాళ్ళని బతిమాలుకోవాలి, ఆ తర్వాత మిగతా వాయిదాలు జీతం లేకుండా కట్టాలి.

నేనైతే జీతం పడే బ్యాంక్ కాకుండా గవర్నర్‌పేటలో వేరే బ్యాంక్‌లో ఖాతా తెరిచా, ఏటీఎం కార్డు తీసుకోలేదు, యూపీఐకి లింక్ చెయ్యలేదు, జీతం పడ్డ మర్నాడే ఆర్డీకి (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) పోయేట్టు పెట్టేశా. డబ్బులు కావాలంటే బెంజి సర్కిల్ ట్రాఫిక్ దాటుకుని బ్రాంచ్‌కి పోవాలి అంటే సగం కోరికలు అక్కడే చస్తాయి. వడ్డీ తక్కువే, ఈ డబ్బుకి వడ్డీ చూసుకోకూడదు, షేర్లలో అసలు పెట్టొద్దు. బ్యాంక్‌లో 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంది.

హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం జాబ్‌లో ఉండగానే సొంతంగా తీసుకోండి, కంపెనీ పాలసీ మీరు మానేస్తే మామూలుగా అక్కడితో ఆగిపోద్ది, కొత్త పాలసీలో మొదటి 30 రోజులు యాక్సిడెంట్‌కి తప్ప జబ్బులకి ఇవ్వరు, ఇంట్లో సుగరూ బీపీ ఉంటే వాటికి మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. పీఎఫ్ కదిలించొద్దు, ఐదేళ్ళ సర్వీస్ నిండకుండా తీస్తే టాక్స్ పడుద్ది, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పాత సర్వీసూ కలుస్తుంది. అత్యవసరం అయితే బంగారం మీద లోన్ ఉంది, చిన్న మొత్తాలకి మామూలుగా జీతం స్లిప్ అడగరు.

పిల్లల ఫీజులు కట్టేశాక జులైలో మానేస్తే బెటర్. జీతంలో టీడీఎస్ (కంపెనీయే ముందుగా పట్టుకునే ఇన్‌కమ్ టాక్స్) కట్ అవుతుంటే ఏడాది జీతం మొత్తం లెక్కేసి కోస్తారు కాబట్టి మధ్యలో మానేసినవాళ్ళకి ఎక్కువే పోయి ఉంటుంది, తర్వాతి ఏడాది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. నాకైతే ఆ రీఫండ్ సరిగ్గా ఆర్డీ డబ్బులు అడుగంటుతున్న టైముకి పడింది, అది మాత్రం లెక్కలో వేసుకోకండి.