రాజులు, డ్రాగన్లు సరే, ఆ రోడ్లు ఏమైపోయాయి?

ప్రశ్న: "గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ వచ్చి ఇన్నేళ్ళైనా ఫ్యాన్స్‌కి కోపం ఎందుకు తగ్గట్లేదు? ఉన్నది 6 ఎపిసోడ్లే కదా, బాలేదు అనుకుని వదిలేయొచ్చుగా?"

వదిలేయొచ్చు. వదిలేశాం కూడా. మళ్ళీ ఎవరో ఒకరు ఇలాంటి ప్రశ్న అడుగుతారు, మళ్ళీ మొదలు. ముందే చెప్తున్నా, చివరి సీన్ దాకా ఏదీ దాచను, చూడనివాళ్ళు ఇక్కడితో ఆగిపోండి.

ఈ టాపిక్ రాగానే అందరూ కాఫీ కప్పు గురించి మొదలెడతారు. నాలుగో ఎపిసోడ్‌లో డ్రాగన్ల రాణి డెనేరిస్ ముందు టేబుల్ మీద కాఫీ కప్పు ఉండిపోయింది, ప్రపంచమంతా నవ్వింది, తర్వాత దాన్ని వీడియోలోంచి తీసేశారు, చివరి ఎపిసోడ్‌లో మళ్ళీ కుర్చీల కింద నీళ్ళ బాటిల్ కనిపించింది. నాకు ఆ కప్పుతో ఏ పేచీ లేదు. అంత పెద్ద షూటింగ్‌లో ఎవరో ఒకరు కప్పు మర్చిపోతారు, మనుషులే కదా. కథని మర్చిపోవడం మాత్రం వేరే సంగతి.

నా లెక్క ప్రకారం ఈ సీరియల్ పోయింది ఎనిమిదో సీజన్‌లో కాదు, ఏడులోనే. ఎప్పుడైతే దూరాలు మాయమైపోయాయో అప్పుడే పోయింది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు, డ్రాగన్లని నమ్మినోడివి ప్రయాణం టైమ్ దగ్గర ఎందుకు పట్టుబడతావ్ అంటారు. పట్టుబడతా. మొదటి ఎపిసోడ్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి, రాబర్ట్ మహారాజు రాజధాని కింగ్స్ ల్యాండింగ్ నుంచి ఉత్తరాన ఉన్న వింటర్‌ఫెల్ కోటకి వస్తాడు, గుర్రం దిగాడో లేదో అక్కడి ప్రభువు, పాత స్నేహితుడు నెడ్‌ని పట్టుకుని, తను ప్రేమించిన అతని చెల్లెలు లియానా సమాధి చూపించు అంటాడు, పక్కనుంచి రాజు భార్య సెర్సీ, నెల రోజుల నుంచి ప్రయాణంలోనే ఉన్నాం కదా, చచ్చినవాళ్ళు కాసేపు ఆగుతార్లే అన్నట్టు ఒక మాట అంటుంది. అంతే, ఆ ఒక్క మాటతో ఆ రాజ్యం ఎంత పెద్దదో, ఆ మొగుడూపెళ్ళాల మధ్య ఏం మిగల్లేదో రెండూ తెలిసిపోయాయి.

అక్కడ్నుంచి మంచి సీన్లన్నీ తీసి చూడండి, సగానికి సగం దారిలోనే జరుగుతాయి. సెర్సీ తమ్ముడు టిరియన్‌ని నెడ్ భార్య కేట్‌లిన్ పట్టుకునేది దారిలో ఉన్న సత్రంలో. సెర్సీ కవల సోదరుడు, రహస్య ప్రియుడు జేమీ చెయ్యి తెగేది దారిలో. నెడ్ కూతురు ఆర్యా, ఆమెని వెంటేసుకెళ్ళే యోధుడు హౌండ్ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఊళ్ళకి ఊళ్ళు దాటి, చివరికి ఆర్యా పిన్ని లైసా కోట గుమ్మం దాకా వెళ్తే, ఆవిడ మూడు రోజుల క్రితమే పోయిందని తెలుస్తుంది, ఆ పిల్ల పగలబడి నవ్వుతుంది చూడండి, అలాంటి సీన్ రావాలంటే ముందు అంత దూరం వాళ్ళతో మనం నడిచి ఉండాలి. షార్ట్‌కట్‌లో రాదు ఆ నవ్వు.

ఏడో సీజన్ ఆరో ఎపిసోడ్‌కి వచ్చేసరికి ఉత్తర సరిహద్దు గోడ అవతల మంచులో జాన్, అతని మనుషులు అందరూ ఇరుక్కుపోతారు, వాళ్ళలో గెండ్రీ అనేవాడు వెనక్కి పరిగెడతాడు, అక్కడ్నుంచి కబురు మోసే కాకి డ్రాగన్‌స్టోన్ ద్వీపానికి ఎగురుతుంది, అక్కడ్నుంచి డెనేరిస్ మూడు డ్రాగన్లతో తిరిగి గోడ అవతలికి వచ్చేస్తుంది, ఈలోపు వీళ్ళు ఆ రాయి మీదే కూర్చుని ఉంటారు. మొదటి సీజన్‌లో రాజుగారికి సగం దేశం దాటడానికే నెల పట్టింది సార్!

దీనికి కారణం సింపుల్. మొదటి ఆరు సీజన్లు తలా 10 ఎపిసోడ్లు. తర్వాత 7, ఆ తర్వాత 6. తీయించిన ఛానెల్ హెచ్‌బీఓ వాళ్ళు ఇంకా తీసుకోండి బాబూ అన్నా, సీరియల్ రాసి నడిపిన బెనియాఫ్, వైస్ ఇద్దరూ వద్దు, చాలు అన్నారు. స్టార్ వార్స్ సినిమాల కోసం తొందరగా చుట్టేశారని చాలామంది తిడుతుంటారు కానీ ఆ సినిమాల సంగతి బయటికొచ్చింది 2018లో, ఇంకో 13 ఎపిసోడ్లలో ముగించేస్తాం అని వీళ్ళు చెప్పింది అంతకు చాలా ముందు. నా ఉద్దేశంలో వాళ్ళకి విసుగొచ్చింది, అంతే. విసుగొస్తే ఇంకొకళ్ళకి అప్పజెప్పొచ్చు. ఎపిసోడ్లు తగ్గితే ముందు పోయేవి యుద్ధాలు కావు, వాటికి బడ్జెట్ ఉంటుంది. ముందు పోయేది ఇద్దరు మనుషులు గుర్రాల మీద పోతూ ఊరికే మాట్లాడుకునే సీన్.

సరే, అసలు సంగతికొస్తా. ఈ సీరియల్ మా అక్కకి అంటించింది నేనే. డ్రాగన్లు, దయ్యాలు నాకొద్దురా అని చాలా రోజులు తప్పించుకుంది. చివరికి ఎలాగో కూర్చోబెట్టాను. మొదటి ఎపిసోడ్ చివర్లో జేమీ నెడ్ కొడుకు, ఆ చిన్న పిల్లాడు బ్రాన్‌ని కిటికీలోంచి తోసేస్తాడు కదా, అక్కడ లేచి, ఇలాంటి వెధవ ఉన్న సీరియల్ నేను చూడను పో అంది. బతిమాలి చూపించాను. మూడో సీజన్‌లో హ్యారెన్‌హాల్ స్నానాల సీన్ వచ్చింది. చెయ్యి పోయి, జ్వరంతో వణుకుతూ జేమీ తనతో ప్రయాణిస్తున్న యోధురాలు బ్రియెన్‌కి చెప్తాడు, అప్పటి పిచ్చిరాజు ఊరు మొత్తాన్ని వైల్డ్‌ఫైర్ అనే మంటమందుతో తగలబెట్టమన్నాడు, ఐదు లక్షల మంది ఉన్నారు, అందుకే వెనకనుంచి పొడిచాను, జనం మాత్రం నన్ను రాజుని చంపినోడనే పిలుస్తారు అని. అక్క ఆ సీన్ వెనక్కి తిప్పించుకుని మళ్ళీ చూసింది. ఆ రోజు నుంచి వాడు "మా జేమీ" అయిపోయాడు, నేను ఎప్పుడైనా వాణ్ణి ఏమన్నా అంటే ఊరుకునేది కాదు.

ఇప్పుడు ఎనిమిదో సీజన్ ఐదో ఎపిసోడ్. ఫోన్లు పక్కన పడేసి ఇద్దరం కూర్చున్నాం. జేమీ డెనేరిస్ సైన్యానికి బందీగా డేరాలో ఉంటాడు, ఆమె పక్షాన ఉన్న టిరియన్ వచ్చి, ఊళ్ళో ఉన్న అమాయకుల కోసమైనా లొంగిపోమని సెర్సీని ఒప్పించు అంటాడు. దానికి జేమీ, నిజం చెప్పాలంటే వాళ్ళ గురించి నేనెప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు అనేస్తాడు.

"ఆపరా" అంది అక్క. ఆపాను.

"ఏమన్నాడు? మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాను. సబ్‌టైటిల్ కూడా అదే చెప్తోంది.

"మరి ఆ రోజు తొట్టిలో కూర్చుని ఏం చెప్పాడ్రా వీడు? ఐదు లక్షల మంది కాలిపోతారనే కదా సొంత రాజుని చంపింది? అబద్ధం చెప్పాడా అయితే?"

నేను మొదలెట్టాను. అది కాదక్కా, వాడు తనని తాను అసహ్యించుకుంటున్నాడు, సెర్సీ అంటే వాడికో వ్యసనంలాగా, అందుకే కావాలని తనని తాను తక్కువ చేసుకుని మాట్లాడుతున్నాడు, ఇంకా ఏవేవో చెప్పాను, చాలా బాగా చెప్పానని కూడా అనిపించింది. అక్క అంతా విని, "ఇదంతా నువ్వు చెప్తున్నావు. వాడు చెప్పట్లేదుగా" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆ సీజన్‌ని వెనకేసుకొచ్చే ప్రతి వ్యాసం, ప్రతి వీడియో చూసినప్పుడు నాకు ఇదే మాట గుర్తొస్తుంది, మీరు చెప్తున్నారు, వాళ్ళు చెప్పట్లేదుగా అని.

ఆ తర్వాత జేమీ సెర్సీ దగ్గరికి వెళ్ళాడు, కోట కూలింది, ఇద్దరూ ఇటుకల కింద పోయారు. తర్వాతి ఎపిసోడ్‌లో టిరియన్ వెళ్ళి ఇటుకలు తీస్తే ఆ గదిలో సగం మామూలుగానే ఉంది, నాలుగడుగులు పక్కకి జరిగి నిలబడితే ఇద్దరూ బతికేవాళ్ళు. "చెయ్యి పోగొట్టుకుని అంత దూరం నడిచొచ్చింది దీనికా" అని అక్క లేచి, కుర్చీలో ఉన్న ఉతికిన బట్టల కుప్ప తెచ్చుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది. టీవీలో డెనేరిస్ ఊరు మొత్తం తగలబెడుతోంది, జనం అరుస్తున్నారు, గోడలు కూలుతున్నాయి, ఇక్కడ అక్క దిండు గలీబులు మడతపెడుతోంది. మధ్యలో ఒకసారి తలెత్తి, ఇంకా అవ్వలేదా అంది. ఎనిమిదేళ్ళు కష్టపడి తీసిన సీరియల్‌లో అతి పెద్ద సీన్ అది.

డెనేరిస్ విషయంలో నేను చాలామంది ఫ్యాన్స్‌తో ఏకీభవించను. ఆ అమ్మాయి చివరికి అలా మారుతుందనేది తప్పని నేను అనను. సూచనలు ఉన్నాయి, మీరీన్ నగరంలో బానిసల యజమానుల్ని వరసగా శిలువ వేయించింది, ఏడో సీజన్‌లో తనకి లొంగని టార్లీ తండ్రీకొడుకుల్ని డ్రాగన్‌తో కాల్పించింది, అన్నీ ఉన్నాయి. కానీ లెక్కల పరీక్షలో స్టెప్స్ ఏమీ లేకుండా చివర ఆన్సర్ ఒక్కటే రాస్తే ఏ మాస్టారైనా ఏమనుకుంటాడు? పక్కోడి పేపర్ చూసి రాశాడనుకుంటాడు. ఇక్కడ ఆ పక్కోడి పేపర్ ఈ కథ పుస్తకాలు రాస్తున్న మార్టిన్‌ది, ఆయన ఇంకా రాస్తూనే ఉన్నాడు. ఐదో పుస్తకం 2011లో వచ్చింది, సీరియల్ మొదలైన సంవత్సరమే. ఆరోది ఇంకా లేదు. ఆయన మీద కోపం గురించి ఇంకో ప్రశ్న వేయండి, విడిగా రాస్తాను.

పోనీ స్టెప్స్ వేసే ప్రయత్నం చేశారా అంటే, ఆమె డ్రాగన్ రేగల్ చావు, స్నేహితురాలు మిస్సాండే చావు, ప్రేమించిన జాన్ దూరం జరగడం, అన్నీ ఒకే ఎపిసోడ్‌లో కుక్కేశారు. అందులో రేగల్ చావైతే మరీ అన్యాయం. అదే ఎపిసోడ్‌లో ముందు మీటింగ్ పెట్టుకుని, సెర్సీ పక్షాన ఉన్న ఐరన్ ఫ్లీట్ అనే ఓడల దండు గోల్డెన్ కంపెనీ అనే కిరాయి సైన్యాన్ని తీసుకొచ్చింది అని మాట్లాడుకుంటారు. కాసేపటికి అదే ఐరన్ ఫ్లీట్ కొండ చాటు నుంచి బాణాలేసి డ్రాగన్‌ని చంపేస్తుంది. ఆకాశంలో ఉన్నావిడకి కింద అన్ని ఓడలు కనపడవా అంటే, ఎపిసోడ్ తర్వాత వచ్చే వీడియోలో బెనియాఫ్ గారే, డెనేరిస్ ఐరన్ ఫ్లీట్ సంగతి మర్చిపోయింది అన్నట్టు చెప్పాడు. మర్చిపోయిందట! వారం తిరిగేసరికి అవే ఓడలు, అవే బాణాలు, ఒక్కటి కూడా మిగిలిన డ్రాగన్ డ్రోగన్‌కి తగల్లేదు.

చీకటి సంగతి కూడా చెప్పేసి ముందుకెళ్తా. మూడో ఎపిసోడ్ యుద్ధం 55 రాత్రులు బయట చలిలో తీశారు, వాళ్ళ కష్టానికి దండం. కనపడితే ఇంకా బాగుండేది. లైట్లన్నీ ఆపి, కర్టెన్లు వేసి, టీవీ బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచినా అక్క "ఇప్పుడు పోయింది ఎవర్రా" అని అడుగుతూనే ఉంది, నేను గొంతుల్ని బట్టి చెప్తున్నా. తర్వాత ఆ కెమెరామెన్ మీ టీవీ సెట్టింగ్స్ సరిచూసుకోండి అన్నట్టు మాట్లాడాడు.

ఇక బ్రాన్. చివర్లో కొత్త రాజుని ఎన్నుకునే మీటింగ్‌లో టిరియన్ లేచి, బ్రాన్ కథకంటే మంచి కథ ఎవరికుంది అని అడిగితే అక్కడున్న ప్రభువులు తలాడిస్తారు. ఐదో సీజన్ మొత్తంలో బ్రాన్ ఒక్క ఎపిసోడ్‌లో కూడా లేడండీ. ఆ కథ లేకుండానే ఒక సీజన్ నడిచిపోయింది. పైగా టిరియన్ ఆ మాట అంటున్నప్పుడు ఆర్యా అక్కడే కూర్చుని ఉంది, శవాల సైన్యాన్ని నడిపే నైట్ కింగ్‌ని చంపిన పిల్ల, పాపం ఆ పిల్ల మొహంలో కూడా ఏ ఫీలింగూ లేదు.

మళ్ళీ తీయండి అని పెట్టిన పిటిషన్ మీద పది లక్షలకు పైగా జనం సంతకాలు పెట్టారు. నేను పెట్టలేదు, అది పిల్లచేష్ట, నటులకీ టెక్నీషియన్లకీ అవమానం కూడా. కానీ నటులు ఎంత కష్టపడ్డారో తెలుసా, ఏమీ అనకండి అని నోరు మూయించేవాళ్ళు వాళ్ళకంటే చిరాకు. తిడుతున్నది రాసినవాళ్ళని, వేసినవాళ్ళని కాదు. ఆ సీజన్‌కి 32 ఎమ్మీ నామినేషన్లు, 12 అవార్డులు వచ్చాయి, బెస్ట్ డ్రామా కూడా వచ్చింది, చూశారా అంటారు. చూశాం. అవార్డు వచ్చినంత మాత్రాన జేమీ అన్న మాట మారిపోదుగా.

అంత చెత్త అయితే ఇంకా ఎందుకు పట్టుకు వేలాడుతున్నారు అంటే, ఆ సీజన్‌లోనే రెండో ఎపిసోడ్ ఉంది కాబట్టి. తెల్లారితే యుద్ధం, అందరూ నిప్పు చుట్టూ కూర్చుని ఉంటారు, జేమీ లేచి బ్రియెన్‌ని మోకరిల్లమని, ఆడవాళ్ళకి ఇవ్వని నైట్ అనే వీరుల బిరుదు ఇస్తాడు. ఒక చిన్న గది, ఐదారుగురు మనుషులు, డ్రాగన్ లేదు, యుద్ధం లేదు, అక్క ఏడ్చేసింది. ఎందుకు పండింది ఆ సీన్? మూడో సీజన్‌లో వాళ్ళిద్దరూ అంత దూరం కలిసి నడిచారు కాబట్టి. అంటే వీళ్ళకి రాయడం రాక కాదు. అదే మండేది. చేతకానివాళ్ళు పాడుచేస్తే ఎవరికీ ఇన్నేళ్ళు గుర్తుండదు.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది, ఎనిమిదో సీజన్ రెండో ఎపిసోడ్ దాకా చూసి టీవీ కట్టేయండి. తర్వాత అందరూ యుద్ధంలో పోయారనుకోండి, ఏ నష్టం లేదు.

2022లో దీనికి ముందు కథ అయిన హౌస్ ఆఫ్ ద డ్రాగన్ మొదలైనప్పుడు అక్కకి ఫోన్ చేసి, చూద్దామా అన్నాను. "అయిపోయిందా అది?" అంది. లేదు, ఇప్పుడే మొదలైంది అన్నాను. "మొత్తం అయిపోయాక చెప్పు, చివర బాగుంటే అప్పుడు మొదట్నుంచి చూస్తా" అంది. నేను మాత్రం చూస్తున్నా. అందులోనూ డ్రాగన్‌స్టోన్ నుంచి కింగ్స్ ల్యాండింగ్‌కి ఇట్టే వచ్చేస్తుంటారు, కానీ ఆ రెండూ నిజంగానే దగ్గర, మ్యాప్ తీసి చూసుకున్నా.