గడియారం గంట ముందుకు జరిపితే కరెంటు బిల్లు తగ్గుతుందా?

ప్రశ్న: ఆగస్టులో ఎంఎస్ కోసం డల్లాస్ వెళ్తున్నాను. కరెంటు ఆదా కోసమే అక్కడ వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారని సీనియర్లు చెప్పారు. నిజంగా బిల్లు తగ్గుతుందా? – కూకట్‌పల్లి నుంచి ఒక విద్యార్థి

జవాబు: తగ్గదు. ఎక్కడైనా కాస్త తగ్గినా మీ బిల్లులో కనిపించేంత ఉండదు. డల్లాస్ లాంటి వేడి ఊళ్లో పెరిగే అవకాశమే ఎక్కువ.

సెలవులకని కొండాపూర్‌లో అక్కయ్య వాళ్లింటికి వచ్చినప్పటి నుంచి, వీసా చేతికొచ్చిన పిల్లలు ఈ ప్రశ్న తరచూ అడుగుతున్నారు. అడగడం మంచిదే. టెక్సస్‌లో కొత్తగా దిగినవాళ్లకు మొదటి వేసవి కరెంటు బిల్లు పెద్ద టెన్షన్. గడియారం మీద ఆశ పెట్టుకుని అసలు చూసుకోవాల్సినవి వదిలేయకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇది దీపాల కాలం నాటి ఆలోచన. న్యూజిలాండ్‌లో పురుగుల మీద పరిశోధన చేసే జార్జ్ హడ్సన్ 1895లోనే వేసవిలో గడియారం రెండు గంటలు జరపమన్నాడు. 1907లో ఇంగ్లండ్‌లో ఇళ్లు కట్టించే విలియం విల్లెట్ ఇదే కోరుతూ కరపత్రం వేశాడు. అప్పట్లో ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గుకు కటకట వచ్చాక 1916లో జర్మనీ మొదలుపెట్టింది, కొద్ది వారాలకే బ్రిటన్ అందుకుంది, 1918లో అమెరికా కూడా చేరింది. మన దగ్గర కూడా రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 నుంచి 1945 దాకా, గడియారాలు గంట ముందు నడిచాయి. సాయంత్రం గంటసేపు దీపం వెలిగించకపోతే ఆ మేరకు బొగ్గు మిగులుతుందనేది లెక్క. ఇంట్లో కరెంటంటే దీపమే అయిన రోజుల్లో ఆ లెక్కలో న్యాయం ఉంది.

ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్ లెక్క చూద్దాం. సాయంత్రం ఐదు ఎల్ఈడీ బల్బులు వేస్తారనుకుందాం, ఒక్కోటి 9 వాట్లు. అన్నీ కలిపి 45 వాట్లు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా 34 వారాలు, అంటే 238 రోజులు, గడియారం ముందుంటుంది. రోజూ గంటసేపు ఆ ఐదు బల్బులూ అసలు వేయలేదనే అనుకున్నా మిగిలేది సుమారు 11 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లు వేసుకుంటే డాలరున్నర చిల్లర. అదే ఇల్లంతా చల్లబరిచే సెంట్రల్ ఏసీ ఆగకుండా నడిస్తే గంటకు 3, 4 యూనిట్లు ఇట్టే లాగేస్తుంది. ఎనిమిది నెలల పాటు దీపాల మీద కూడబెట్టింది ఏసీ మూడు గంటల్లో తినేస్తుందన్నమాట.

పైగా గడియారం జరిపినంత మాత్రాన ఎండ జరగదు. జూన్‌లో డల్లాస్‌లో పొద్దు గూకేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. మీరు క్లాసులు ముగించుకుని ఆరింటికి ఇంటికొస్తే బయట ఎండ ఇంకా మండుతూనే ఉంటుంది. పడమటి ఎండ అంటే ఏమిటో హైదరాబాదు ఫ్లాట్లలో పెరిగినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. గడియారం జరపకపోయి ఉంటే మీరు ఇల్లు చేరేసరికి ఎండ మరో గంట తగ్గి ఉండేది, ఏసీకి అంత పని ఉండేది కాదు.

ఇది నా ఊహ కాదు. ఇండియానా రాష్ట్రంలో 2006 దాకా చాలా కౌంటీలు గడియారం మార్చేవి కావు. ఆ ఏడాది నుంచి రాష్ట్రమంతా మార్చాలన్నారు. మాథ్యూ కాచెన్, లారా గ్రాంట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మార్పుకు ముందూ తర్వాతా ఇళ్ల బిల్లులు పోల్చి చూశారు. దీపాల ఖర్చు తగ్గింది గానీ ఏసీ, హీటర్ల ఖర్చు అంతకు మించి పెరిగింది. మొత్తం మీద ఇళ్ల వాడకం సుమారు 1 శాతం ఎక్కువైంది. రాష్ట్రంలోని ఇళ్ల మీద ఏటా సుమారు 90 లక్షల డాలర్ల అదనపు భారం పడిందని తేల్చారు. ఆస్ట్రేలియాలో 2000 సిడ్నీ ఒలింపిక్స్ కోసం రెండు రాష్ట్రాల్లో ఈ మార్పు ముందుగానే మొదలుపెట్టినప్పుడు కూడా సాయంత్రం మిగిలిన కరెంటు తెల్లవారుజాము చీకట్లో ఖర్చైపోయింది.

ఆదా అయిందన్న లెక్కలూ ఉన్నాయి, అవీ చెప్పాలి. అమెరికా 2007 నుంచి ఈ కాలాన్ని సుమారు నాలుగు వారాలు పెంచింది. ఆ అదనపు రోజుల్లో రోజుకు 0.5 శాతం కరెంటు మిగిలిందని వాళ్ల ఇంధన శాఖ 2008లో నివేదిక ఇచ్చింది. ఏడాది మొత్తం వాడకంతో పోలిస్తే అది 0.03 శాతం. ఇలాంటి 44 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి సమీక్షలో సగటు ఆదా 0.34 శాతమని తేలింది. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాలకు కొంత లాభం, వేడి ప్రాంతాలకు నష్టం అని కూడా అందులోనే ఉంది. నాకు సబబుగా తోచేది ఇదే.

అరిజోనా సంగతి చూడండి. అక్కడి ఎండ తెలిసినవాళ్లు సాయంత్రం ఇంకో గంట ఎండ కావాలని అడగరు. 1968లోనే ఆ రాష్ట్రం ఈ పద్ధతి మాకొద్దని తప్పుకుంది. టెంపీలో చదవబోయే పిల్లలకు ఈ గొడవే లేదు. హైదరాబాదుకూ దీని అవసరం లేదు. ఇక్కడ జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా రెండు గంటల పైచిలుకు. లండన్‌లో ఆ తేడా దాదాపు తొమ్మిది గంటలు. వేసవిలో అంత పగలు మిగిలిపోయే చోట పుట్టిన ఆలోచనను మనలాంటి ఎండ ప్రాంతాలకు తెస్తే ఒరిగేదేమీ లేదు.

సాయంత్రం వెలుతురు ఉంటే పిల్లలు పార్కులో ఆడుకుంటారు, పెద్దవాళ్లు నాలుగడుగులు నడిచొస్తారు. నాకూ అది ఇష్టమే. ఆ సుఖం కోసమే గడియారం జరుపుతున్నామంటే ఒప్పుకుంటాను. కరెంటు ఆదా కోసమంటే మాత్రం ఒప్పుకోను.

ఇక బిల్లు నిజంగా తగ్గించేది థర్మోస్టాట్, అంటే ఇంట్లో ఎంత చల్లగా, ఎంత వెచ్చగా ఉండాలో సెట్ చేసే మీట. రోజుకు ఎనిమిది గంటలు, ఇంట్లో లేనప్పుడో నిద్రపోయేటప్పుడో, మామూలు సెట్టింగ్ నుంచి 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ మారిస్తే (వేసవిలో పెంచి, చలికాలంలో తగ్గించి) ఏసీ, హీటర్ల ఖర్చులో ఏడాదికి 10 శాతం దాకా మిగులుతుందని అక్కడి ఇంధన శాఖే చెబుతుంది. రూమ్మేట్లు నలుగురూ కూర్చుని దీని మీద మొదటి వారమే ఒక మాట అనుకోండి, లేకపోతే నెలాఖరున గొడవే. పడమటి కిటికీల బ్లైండ్లు మధ్యాహ్నమే దించేయండి. మనకు సాయంత్రం కాగానే కిటికీలు తెరవడం అలవాటు. అక్కడ ఏడింటికి తెరిస్తే వచ్చేది వేడిగాలే.

మీరు ఆగస్టులో దిగుతారు కాబట్టి మీకు మొదట ఎదురయ్యేది నవంబరు మార్పు. ఆ ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలు మళ్లీ ఒకటవుతుంది. అప్పటిదాకా హైదరాబాదుతో పదిన్నర గంటల తేడా, ఆ తర్వాత పదకొండున్నర. మీరు రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తే అమ్మకు అక్టోబరులో ఉదయం ఏడు, డిసెంబరులో ఎనిమిది. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పండి, ఫోన్ రాలేదని కంగారు పడకుండా ఉంటారు. మాదాపూర్‌లో అమెరికా షిఫ్టుల్లో పనిచేసే మీ స్నేహితులకు ఇది బాగా తెలుసు, ఏటా రెండుసార్లు వాళ్ల క్యాబ్ టైమ్ మారుతుంది.

మార్చిలో గడియారం ముందుకు జరిగిన రాత్రి మీకు గంట నిద్ర తగ్గుతుంది. ఆ వారంలో అమెరికాలో ప్రాణాలు తీసే రోడ్డు ప్రమాదాలు సుమారు 6 శాతం పెరుగుతున్నాయని 2020లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆ సోమవారం పొద్దున్నే డ్రైవింగ్ టెస్ట్ పెట్టుకోకండి.

చివరగా, టెక్సస్‌లో చాలాచోట్ల కరెంటు కంపెనీని మీరే ఎంచుకోవచ్చు. రాత్రిపూట ఉచితం అనే ప్లాన్లు కొత్తవాళ్లను బాగా ఆకర్షిస్తాయి. ఆ ప్లాన్లలో పగటి రేటు ఎక్కువుంటుంది, ఏసీ ఎక్కువ నడిచేదీ అప్పుడే. ఉచితం ఎన్నింటికి మొదలవుతుందో, పగలు యూనిట్ ఎంతో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.