3816547290లో అంత విశేషం ఏముంది?

"3816547290కి ఏదో ప్రత్యేకత ఉందంటారు, నిజమేనా?" అని అడిగారు. నిజమే, ఇలాంటిది ఇంకొకటి లేదు. సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకే ఒక్కసారే వస్తుంది. ఎడమ నుంచి రెండంకెలు తీసుకుంటే 38, రెండుతో పోతుంది. 381 మూడుతో, 3816 నాలుగుతో, అలా మొత్తం సంఖ్య పదితో శేషం లేకుండా పోతుంది. పది అంకెల్ని 36,28,800 రకాలుగా పేర్చొచ్చు. వాటిలో నిలబడేది ఇదొక్కటే.

నేను చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్‌లో పనిచేస్తాను. సెలవులకి వచ్చిన మా అక్క కొడుకు ఎంపీసీ. "ప్రోగ్రాం రాస్తే క్షణంలో వచ్చేస్తుంది మామా" అన్నాడు. అప్పుడు కరెంటు పోయి పాలిషింగ్ మిషన్ ఆగి ఉంది. మూల విరిగిన బ్లాక్ గెలాక్సీ స్లాబు మీద, ఆ బంగారు చుక్కల మధ్యే, సుద్దముక్కతో పది గళ్ళు గీసి వాడి ముందు పెట్టాను.

పదో గడిలో 0, ఐదో గడిలో 5 వెంటనే వేశాడు. సరి స్థానాల్లో సరి అంకెలు, బేసి స్థానాల్లో బేసి అంకెలు అని కూడా పట్టాడు. నాలుగో గడి దగ్గర ఆగిపోయాడు.

"ముందున్నది బేసి కదరా, ఆ రెండంకెలూ నాలుగుతో పోవాలంటే చివర ఏం రావాలి?"

12, 16, 32, 36 అని రాసుకుంటూ పోయి, "2 గానీ 6 గానీ!" అని అరిచాడు. ఎనిమిదో గడికీ అదే లెక్క. ఇక 4, 8 రెండో గడికీ ఆరో గడికీ మిగిలాయి. నాలుగు, ఐదు, ఆరు గళ్ళ మొత్తం మూడుతో పోవాలి కాబట్టి అక్కడ 258 లేదా 654 తప్ప పట్టవు. ఎనిమిదితోనూ మూడుతోనూ వడకడితే చివరికి పదే మిగిలాయి. వాటిలో 987654321 కూడా ఉంది, వీడి కన్ను దాని మీదే. కానీ 9876543ని ఏడుతో భాగిస్తే 5 మిగిలింది. 3816547 మాత్రం సరిగ్గా 545221 సార్లు పోయింది. మిగతా అంకెలన్నీ చూపుతోనో కూడికతోనో తేలిపోతాయి. ఏడు దగ్గర కూర్చుని భాగించాల్సిందే. ఈ సంఖ్యకు విలువ తెచ్చింది ఏడే అంటాను నేను.

కోచింగుల్లో పిల్లల చేత షార్ట్‌కట్లు బట్టీ పట్టిస్తున్నారు గానీ ఇలా ఒక్క లెక్క మీద గంటసేపు కూర్చోనివ్వడం లేదు. నాకు అదే బాధ. ఇంకో బాధ, బండి నంబరు కూడితే తొమ్మిది రావాలని డబ్బు పోసేవాళ్ళతో. ఈ పది అంకెల్నీ ఏ వరుసలో పెట్టినా మొత్తం 45, అంటే తొమ్మిదే. గొప్పంతా వరుసలో ఉంది, కూడికలో కాదు.

అంకెలు మళ్ళీ మళ్ళీ రావొచ్చంటే ఈ ఆట 25 అంకెల దాకా సాగుతుంది: 3608528850368400786036725. దాని పక్కన 26వ అంకె ఏదీ పట్టదు. దానికి కంప్యూటర్ వాడుకోండి, తప్పులేదు. పది అంకెలది మాత్రం కాగితం మీదే చేయండి, ఏడుతో పది భాగారాలు చేస్తే తేలిపోతుంది.